దీవెనకు రూపాయి ఎక్కువట

సాధారణంగా నేను ఇతరుల బేరాల్లో నోరు పెట్టను. ఈ రోజు జహీరాబాదులో మా చర్చి పండుగ దగ్గర పెట్టాల్సి వచ్చింది.

గేటు పక్కన ఒకాయన జపమాలలు రెండు కుప్పలుగా పోసి అమ్ముతున్నాడు. ఒక కుప్పలో మామూలువి, రెండో కుప్పలో దీవించినవి. దీవించినదానికి రూపాయి ఎక్కువ. న్యాల్‌కల్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ దగ్గర ఆ రూపాయి లేదు.

"బిడ్డ కాన్పుకు దవాఖానల ఉన్నది నాయినా. దీవించిందే ఇయ్యి, జర పుణ్యముంటది."

"దీవెన ఊకెనే వస్తదా అవ్వా? హైదరాబాద్ దాంక పోయి చేయించుకొచ్చిన. బస్సు కిరాయి నువ్విస్తవా?"

నాకు ఒళ్లు మండింది. "దీవెనకు కిరాయేందయ్యా?" అన్నాను.

"మీరెప్పుడు ఫాదరయిన్రు సార్?" అని నవ్వాడు.

ముసలమ్మతో మామూలు జపమాలే కొనిపించి, చర్చి మెట్ల మీదున్న ఫాదర్ దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన అక్కడికక్కడే దీవించి ఇచ్చారు. సంగతి విన్నాక ఆయన ముఖం ఎర్రబడింది. "అమ్మకానికి పెడితే దాని మీద దీవెన నిలవదు. కొన్నాక తెస్తే నేనెవరికి కాదన్న?" అన్నారు.

ముసలమ్మ జపమాలను కొంగున ముడివేసుకుని దవాఖాన వైపు గబగబా వెళ్లిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. నిరుడు ఇదే గేటు దగ్గర, ఆ జపమాలలాయనకే రూపాయి ఎక్కువిచ్చి కొన్న జపమాల నా జేబులో ఉంది. సిగ్గుపడుతూ తీసి ఫాదర్ చేతిలో పెట్టాను.

మీ ఇంట్లో జపమాల ఏ కుప్పలోదో చెప్పగలరా?