దోబ్రిలా కిటికీలు

నీష్ పట్టణంలో దోబ్రిలా కుదురుగా కూర్చోవడం ఎవరూ చూడలేదు. కూర్చుంటే వేళ్ళు బిగుసుకుంటాయి. అందుకే లేచి, అమ్మకానికి చేసే పొరల రొట్టె కోసం పిండిని బల్ల నిండా లాగుతుంది. ఆ పలచని పొరలోంచి బల్లగుడ్డ మీది పూలు కనిపిస్తాయి. మధ్యమధ్య వెళ్ళి కిటికీ మూస్తుంది. ఎదురెదురు కిటికీల మధ్య దూరే గాలే కీళ్ళలో చేరి జబ్బు తెస్తుందని ఆ వీధిలో అందరి నమ్మకం. మండే ఎండలో బస్సు అద్దాలు కూడా మూయిస్తుంది. ఈ ఉదయం వేళ్ళు చాచలేక పొర చిరిగింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ వాచిన కణుపులు తడిమి, "గాలి కాదమ్మా. రోగాల నుంచి ఒంటిని కాచే లోపలి కాపలావాళ్ళే మీ కీళ్ళను శత్రువులనుకుని కొడుతున్నారు. మందుతో వాళ్ళ దూకుడు తగ్గిద్దాం. మళ్ళీ పిండి లాగగలరో లేదో ఇప్పుడే చెప్పలేను" అంది.

ఇంటికొచ్చాక ఆడపడుచు జోర్కా కేకేసింది. "వదినా, కిటికీ బార్లా తెరిచావేం? చస్తావా?"

"దొంగ బయట లేడట జోర్కా. ఇంట్లోవాడేనట."

"ఆ డాక్టరమ్మ మాత్రం గాలికెదురుగా కూర్చుంటుందా, అడిగావా?"

దోబ్రిలా నవ్వి మాత్ర మింగింది. కిటికీ తెర ఊగగానే అలవాటుగా లేచింది. గడియ దాకా వెళ్ళిన చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ మూయడానికి ఒక కిటికీ ఉండేది. ఇప్పుడు దేన్ని మూయాలో తెలియక, గదిలో తిరుగుతూనే ఉంది.