కిటికీ లేని గోడ

కంఠేశ్వర్‌లో మా ఇంటి వరండాకి కోతుల బాధ పడలేక ఇనుప జాలీ బిగించి ఆరేళ్లయింది. కోతులు బయట హాయిగా తిరుగుతాయి, నన్ను కన్న అవ్వా బాపూ, నేనూ బోనులో కూర్చుంటాం. జాలీకి ఒకటే తలుపు. ఉత్త గడియ పెడితే కోతులు తీస్తాయని, బాపు బయటికి పోయేటప్పుడు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకునేవాడు. అవ్వ పక్షవాతంతో మంచాన పడ్డాక నేను క్లినిక్‌లో పని మానేశాను. ఎవరూ మానమనలేదు. ఎందుకు మానావని కూడా అడగలేదు. ఇల్లు దాటేది లేదు గనక ఆ తాళం గురించి నేనెన్నడూ పేచీ పెట్టలేదు.

బాపు మేస్త్రి. మా ఇల్లు తన చేతులతోనే కట్టాడు, పైన ఇంకో గది, పై అర్ర, కూడా వేశాడు. ప్రతి గురువారం మా హాల్లో ప్రార్థన కూటం జరుగుతుంది. మూత్రం గొట్టంతో నలుగురి నడుమ పడుకోవడం అవ్వకు ఇష్టం లేదు. కానీ పాడేవాళ్ల ముఖాలు చూడాలని ఆశ. అందుకని బాపు ఆమె గదికీ హాలుకూ మధ్య గోడ మొత్తం పడగొట్టాడు. పైన ఆధారానికి బోధన్ పాత ఇనుము దుకాణం నుంచి రైలు పట్టా ముక్క తెచ్చి పెట్టాడు. ఒకప్పుడు చెరకు బోగీలు నడిచిన పట్టా అది. అప్పటినుంచి అవ్వకు మంచం మీద నుంచే హాలు, వరండా, జాలీ తలుపు, రోడ్డు అన్నీ కనిపించేవి. రోజంతా నేను కూడా ఆమె కళ్లముందే ఉండేదాన్ని.

ఆ పొద్దున బాపు పనికి పోయాడు. నేను అవ్వకు జావ తాగిస్తున్నాను. గిన్నెలు గలగలమన్నాయి. మంచం కదిలింది. పట్టా చివర నుంచి ఇసుక జలజలా రాలింది. చేతిలో గిన్నె పడేసి ఉరికాను. జాలీ తలుపు రెండు చేతులా పట్టుకుని గుంజాను. తాళం. రోడ్డు మీద నిలబడ్డ జనం నాకు కనిపిస్తూనే ఉన్నారు. ఇంతలో భూమి ఊగడం ఆగింది. మెల్లగా వెనక్కి వచ్చి మంచం పక్కన కూర్చున్నాను. పక్కింటివాళ్లు జాలీ దగ్గరికి వచ్చేసరికి అవ్వ మూతి తుడుస్తున్నాను.

ఆ గురువారం కూటంలో ఒకామె లేచి సాక్ష్యం చెప్పింది. "అందరం పాణం కోసం బయటికి ఉర్కినం. ఈ పిల్ల మాత్రం తల్లిని ఇడిశిపెట్టలేదు." బాపు అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నాడు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

బాపుకు తెలిసిన ఇంజనీరు ఒకాయన ఇల్లు చూడటానికి వచ్చాడు. గోడల మూలల్లో ఏటవాలుగా పడ్డ పగుళ్లు చూశాడు. పట్టా కింద వేలు పెట్టి చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"గా పట్టా చెరకు బోగీలనే మోసింది సార్. ఇరుగుతదా?" అన్నాడు బాపు.

"ఇరగది మేస్త్రీ. జారుతది. ఉత్తగ ఇటుకల మీద పెట్టినవ్. ఇంకింత గట్టిగ ఊగితే పై అర్ర బరువంత ఆమె మంచం మీదనే పడ్తది."

బాపు అక్కడే కింద కూలబడ్డాడు. గోడ తిరిగి కట్టాలి, దాన్ని పక్క గోడలకు చువ్వలతో కలపాలి, పైన ఇంటి చుట్టూ కాంక్రీటు పట్టీ పొయ్యాలి. నడుమ చిన్న కిటికీ పెట్టుకోవచ్చు అని చెప్పి ఆయన వెళ్లాడు.

ఆ కిటికీ మాటతో బాపుకు ప్రాణం లేచి వచ్చింది. ఎంత ఎత్తులో పెడితే ముఖాలు కనిపిస్తాయో చూడటానికి టేపు పట్టుకుని అవ్వ పక్కనే మంచం మీద పడుకున్నాడు.

"కిటికీ వద్దు," అంది అవ్వ.

"మరి పాడేటోళ్లు ఎట్ల కనబడ్తరే?"

"ఇనబడ్తరు. సాలు."

ఎంత బతిమాలినా వినలేదు. బాపు ఇసుక చూసొస్తానని పోయాక నన్ను దగ్గరికి పిలిచింది. మాట ముద్దముద్దగా వస్తుంది, కానీ నాకు అర్థమవుతుంది.

"ఆ దినం నువ్వు ఉర్కినవ్. సూసిన."

నేను ఆమె దుప్పటి సర్దసాగాను.

"మల్ల ఎనుకకు అచ్చేటప్పుడు నీ మొకం సూసిన బిడ్డా. గా మొకం నాకు ఇంక సూడబుద్ధి కాదు. గోడ నిండ కట్టనియ్యి. మల్ల భూమి ఊగినప్పుడు నేను కనబడితే నువ్వు ఉర్కకుండ ఆగుతవ్. మీ బాపుకు చెప్పి గా తాళం తీపియ్యి."

ఆమె మంచం పట్టీకి తల ఆనించి ఏడ్చాను. ఆమె కదిలే చేయి నా దాకా అందలేదు.

గోడ లేచింది. బాపు మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఎవరినీ చేయి వెయ్యనివ్వలేదు. జాలీ తలుపుకు తాళం తీసేసి, కోతులు తీయలేని గడియ చేయించాడు. ఇప్పుడు గురువారాల్లో అవ్వ గోడ అవతల నుంచి, అందరికన్నా కొంచెం వెనకబడి పాడుతుంది. నేను వరండాలో కూర్చుంటాను. గడియ చేతికి అందుతుంది. తాళం ఉంది కాబట్టి ఇంట్లో ఉన్నానని ఇక చెప్పుకోవడానికి లేదు. రోజూ ఒకసారి ఆ గడియ తీస్తాను. మళ్లీ వేసి, లోపలికి పోయి అవ్వకు జావ కలుపుతాను.