తేనెగద్ద చూపించిన పట్టు

మొన్న సాయంత్రం టీ కప్పుతో హాల్లోకి వస్తే, మా అమ్మాయి ఏదో వీడియో చూస్తోంది. ఆఫ్రికాలో ఒక పిట్ట మనుషులను తేనెపట్టు దగ్గరికి తీసుకెళుతుందట. పిట్ట ముందు అరుస్తూ ఎగురుతుంది, మనిషి వెనక నడుస్తాడు, తేనె దొరికితే ఇద్దరికీ వాటా. "సో క్లెవర్ లా, అమ్మా" అంది అది, ఇక్కడివాళ్ళ యాసలో. నాకు మా మామగారు గుర్తొచ్చి, టీ చల్లారేదాకా అలాగే నిలబడిపోయాను.

ఆయన మన్యం అంచున పల్లెలో పెరిగిన మనిషి. దేశం దాటి సెంబవాంగ్‌లో మా ఫ్లాట్‌కి వచ్చాక ఆయనకు పొద్దు గడవడమే గండమైపోయింది. టీవీ చూడరు. లిఫ్టులో ఎవరెక్కినా తెలుగులోనే కబుర్లు పెట్టుకుంటారు, వాళ్ళూ పాపం నవ్వుతూ వింటారు. ఒకరోజు వంటింటి కిటికీ దగ్గర నుంచి నన్ను పిలిచి, "సూడమ్మా, తేనెగద్ద. పట్టు లేకుండా అదిక్కడ తిరగదు" అన్నారు. అనడమేమిటి, తువ్వాలు భుజాన వేసుకుని కిందికి దిగిపోయారు. నిజమే, కార్‌పార్క్ వెనక చెట్టుకొమ్మకు చేటంత పట్టు ఉంది.

వాళ్ళ ఊళ్ళో పట్టు కనబడితే నలుగురికీ చెప్పాలి, దాచుకుంటే దొంగతనం కిందే లెక్క. ఈయన ఊరుకుంటారా, బ్లాకంతా టముకు వేశారు. భాష కుదరని వాళ్ళను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మరీ చూపించారు. మర్నాడే ఎవరో కంప్లయింట్ ఇచ్చారు. పిల్లలు ఆడుకునే చోటు, వాళ్ళనీ అనలేం.

మందు కొట్టేవాళ్ళు వచ్చారు. "పొగెట్టమనమ్మా, వాటంతటవే పోతాయి" అని మామగారు నన్ను బతిమాలారు. నేను ఇంగ్లీషులో వాళ్ళను బతిమాలాను. "సారీ ఆంటీ, ఆర్డర్ లా" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. తేనెటీగలు జలజలా రాలిపోయాయి. పట్టు కోసి సంచిలో వేసుకున్నారు గానీ, కొమ్మకు అంటుకున్న ముక్క ఒకటి వాళ్ళకు అందక అక్కడే ఉండిపోయింది.

సాయంత్రం గద్ద వచ్చి సరిగ్గా దాని మీదే వాలింది. మందు పడిన తేనె. మామగారు తువ్వాలు ఊపుతూ, "తినకే తల్లీ, పో, పో" అని గొంతు పోయేలా అరిచారు. నేనూ చప్పట్లు కొట్టాను. అంత ఎత్తున ఉన్నదానికి మా గోల ఒక లెక్కా? తీరిగ్గా తిని ఎగిరిపోయింది. "నేను నోరు మూసుకునుంటే పోయేది" అంటూ ఆయన అక్కడే చతికిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఏటా, గద్దలు ఇటు వలస వచ్చే రోజుల్లో, కనిపించినదాన్నల్లా "అదేనండీ మామయ్యగారూ" అని చూపించేదాన్ని. "అదేలే అమ్మా" అనేవారు ఆయన, నా మొహం చూడకుండా. ఆయన ఆఖరి ఏళ్ళన్నీ మా ఇద్దరి మధ్య ఆ అబద్ధంతోనే గడిచిపోయాయి.