అరచేతి కింద గాట్లు

మా కార్ల రిపేరు షెడ్డులో ఎవరైనా పని చెడగొడితే ‘మస్తాన్ చూపు’ అంటారు. మస్తాన్ బాబాయిని ఎన్నడూ చూడనివాళ్ళు కూడా అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను తల వంచుకుని చేతిలోని పనిలో పడతాను. ఇన్నేళ్ళుగా మోస్తున్న బరువు అది. ఆయన చూపులో లోపం లేదని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనూ పోతే ఆ మాటే నిజమైపోతుంది. అందుకే మీకు రాస్తున్నాను. నా పేరు మాత్రం రాయలేకపోతున్నాను. అదీ పిరికితనమే, తెలుసు.

అప్పటికి రెండువేల అయిదో, ఆరో. తెనాలి. పదో తరగతితో నా చదువు ఆగి, ఈ షెడ్డులో పనికి చేరాను. ఆగిందని ఒప్పుకోలేక సాయంత్రాలు లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. కార్ల రిపేరు మీద అక్కడ లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని, బొమ్మలతో సహా నోటుపుస్తకంలోకి దించుకున్నాను. షెడ్డులో నన్ను ‘పంతులు’ అనేవాళ్ళు. వెక్కిరింపే. నాకు బిరుదులా ఉండేది.

ఒక శుక్రవారం బాపట్ల నుంచి లెక్చరర్ మూర్తి గారి కారు వచ్చింది. ముందు చక్రం దగ్గర స్ప్రింగు విరిగింది. కొత్తది వెయ్యాలంటే షాక్ అబ్జార్బర్ నెత్తిన ఉన్న నట్టు విప్పాలి. స్ప్రింగును క్లాంపులతో నొక్కి బిగించాం. నట్టు రాలేదు. సముద్రపు గాలికి తుప్పుపట్టి, షాక్ అబ్జార్బర్ లోపలి రాడ్డును కరుచుకుంది. తిప్పితే రాడ్డు కూడా గిర్రున తిరుగుతోంది.

“ఏంటి పంతులూ, నీ పుస్తకం ఏమంటోంది?” అన్నాడు మా పెద్ద మెకానిక్ మస్తాన్ బాబాయి.

“రాడ్డు కొసను పట్టుకుని తిప్పమంటోంది బాబాయ్.”

“కొస అరిగిపోయిందని దానికెవరు చెప్తారు? డీజిల్ పోసి వదిలెయ్. నమాజుకెళ్ళొస్తా. అది నానాలి, నువ్వు ఆగాలి. రాడ్డు ఒంటి మీద మాత్రం ప్లయర్ పెట్టకు.”

అందరూ నవ్వారు. ఆయన వెళ్ళిపోయాడు. నవ్వు నా చెవుల్లో ఉండిపోయింది.

ఆ హెచ్చరిక పుస్తకంలోనూ ఉంది. నేనే దించుకున్నాను. రాడ్డు అద్దంలా ఉండాలి. గీత పడితే పైకీ కిందికీ ఆడినప్పుడల్లా లోపలి రబ్బరు సీలును కోస్తుంది, నూనె కారిపోతుంది. తెలియక చేసి ఉంటే ఇంత బరువుండేది కాదేమో. స్ప్రింగు చుట్ల మధ్య నుంచి ప్లయర్ దూర్చి రాడ్డును కరిపించాను. మూడో ఊపుకు నట్టు కదిలింది. రాడ్డు మీద ప్లయర్ పళ్ళు దిగిపోయాయి.

“వచ్చేసిందే! ఎలా రా?” అన్నాడు బాబాయి తిరిగొచ్చి.

“పుస్తకంలో ఉంది బాబాయ్.”

ఆయన మురిసిపోయాడు. “చూశార్రా, చదువంటే ఇదీ!” అని మిగతావాళ్ళను దెప్పాడు. అలవాటు ప్రకారం రాడ్డు మీదికి వంగి చూశాడు. దాన్ని నిలబెట్టి పట్టుకున్నది నేనే. నా అరచెయ్యి గాట్లను కప్పి ఉంది. “బాగుంది” అన్నాడు. కొత్త స్ప్రింగు కోసం ఆయన అటు తిరగగానే రాడ్డును కప్పే రబ్బరు తొడుగు కిందికి లాగేశాను.

రెండు నెలలకు కారు నూనె కారుతూ తిరిగొచ్చింది. షెడ్డు ఓనరు తొడుగు ఎత్తాడు. పాత రోజుల్లో ఎవరో చేసిన గాట్లనుకున్నాడు.

“బిగించే ముందు చూడలేదా మస్తాన్?”

“చూశానండి. కనపడలేదండి.”

“ఇంతింత గాట్లు కనపడలేదా? కళ్ళజోడన్నా మార్చు, పనన్నా మార్చు.”

బాబాయి ఆ గాట్లను గోటితో తడుముతూ ఉండిపోయాడు. నా వైపు తిరిగి అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. చూడండి, ఇప్పుడూ ఆయన మీదికే నెడుతున్నాను.

ఆ తర్వాత ఇంజను పని ఆయన చేతికివ్వలేదు. ఆయన ఎక్కువ రోజులు ఆగలేదు. రేపల్లె వెళ్ళి పంక్చర్ల కొట్టు పెట్టుకున్నాడు. చెప్పేద్దామని ఒక ఆదివారం రైలెక్కాను. నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి తిప్పుతున్నాడు. సూది మొనంత బుడగ లేచింది. నాకంటే ముందు ఆయనే చూశాడు.

“నా చూపు పోయింది రా,” అన్నాడు టీ గ్లాసు అందిస్తూ. “చూసి కూడా చూడలేకపోయాను. నువ్వు మాత్రం చదువు మానకు.”

నా అరచెయ్యిని నమ్మి తన కళ్ళను అనుమానించుకున్నాడు. టీ తాగి వచ్చేశాను. ఆ తర్వాత లైబ్రరీకి వెళ్ళలేదు. షెడ్డులో ఎవరితోనూ దగ్గర కాలేదు. దగ్గరైతే చెప్పేస్తానని భయం.

పోయిన ఏడాది బాబాయి పోయాడు.

నిఘంటువు ఇంటికిచ్చి పంపిన లైబ్రరీ సుబ్బారావు గారికి, కోప్పడకుండా కారు తీసుకెళ్ళిన మూర్తి గారికి, బాబాయి పోయిన కబురు తెచ్చిన రాఘవకు కృతజ్ఞతలు. చెయ్యి తియ్యమని నన్ను అడగని మస్తాన్ బాబాయికి కూడా.

ఆయన కళ్ళు బాగానే ఉండేవి. రాశాను.