తూకం సరిగ్గా ఉన్న మనిషి

2023లో నేను బెంగళూరు చిక్కపేటలో ఒక డాక్టరుగారి క్లినిక్ మేడ మీద గదిలో డైటీషియన్‌గా కూర్చునేదాన్ని. ఎవరు ఏం తినాలో, ఎంత తినాలో చెప్పే పని. వచ్చేవాళ్ళు ఎక్కువగా చుట్టుపక్కల అంగళ్ళవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు. హిందూపురం, మడకశిర వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు చాలామంది. నాదీ ఆ పక్క మాటే కనుక చనువుగా ఉండేవాళ్ళు. నాకేమో నోటి దురుసు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ ఎంత చెప్పినా, మెత్తగా చెబితే ఎవరూ బరువు తగ్గరన్నది నా నమ్మకం.

మా పనిలో మొదట చూసేది ఐడియల్ బాడీ వెయిట్. ఎత్తును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి మనిషి ఎంత బరువుండాలో వేసే అంచనా. ఐదడుగుల మగవాడికి యాభై కిలోలు, ఆడమనిషికి నలభై ఐదున్నర. ఆపైన అంగుళానికి రెండు కిలోల మూడు వందల గ్రాముల చొప్పున కలుపుకుంటూ పోవాలి. మనిషి గుమ్మం దగ్గర చెప్పులు విడిచేలోపే నా మనసులో అంకె తయారయ్యేది. ఆ వేగం చూసుకుని మురిసిపోయేదాన్ని కూడా.

ఒకరోజు పద్మావతమ్మ వచ్చింది. మోకాళ్ళ నొప్పులకి కింద డాక్టరుగారు బరువు తగ్గమని నా దగ్గరికి పంపారు. వెంట ఆమె భర్త నాగరాజప్ప. ఆయనకి బళేపేటలో గాజుల అంగడి. ఆమె ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు డెబ్బై ఒకటి.

"మీరు నలభై ఎనిమిది ఉండాలమ్మా. ఇంకో మనిషిలో సగాన్ని మోస్తున్నారు," అన్నాను. నాగరాజప్ప గట్టిగా నవ్వాడు. ఆమె కొంగు ముందుకు లాక్కుని, మెల్లగా అంది: "మేడమ్, ఈయన్ని కూడా స్వల్ప చూడండి."

"నాకేమైందే? నువ్వు గమ్మునుండు మే," అన్నాడాయన. అయినా సరదాగా లేచాడు. తూకానికి ముందు జేబుల్లో సామాను, బెల్టు తీసెయ్యమనడం మా రివాజు. ఆయన బెల్టు తీసి నా బల్ల మీద పెట్టాడు. దానికి మేకుతో కొట్టిన కొత్త బెజ్జాలున్నాయి, ఒకదాని వెనక ఒకటి. అవి కళ్ళారా చూశాను. చూసి ఊరుకున్నానా, జోకేశాను: "బెల్టుకి బెజ్జాలు చాలట్లేదే మీకు!"

"అంగడికి వచ్చినోళ్ళంతా ఇదే మాట మేడమ్, ఏమప్పా వయసు తగ్గిపోయింది నీకు అని," అన్నాడు సంతోషంగా.

ఐదడుగుల ఏడంగుళాల మగవాడు అరవై ఆరు ఉండాలి. మిషన్ అరవై ఆరే చూపించింది. నాకు భలే ముచ్చటేసింది. ఆమె వైపు తిరిగి, "చూశారా, మీ చేతి వంట తినే ఆయన లెక్కకి సరిగ్గా ఉన్నారు. ఆయన్ని చూసి నేర్చుకోండి," అన్నాను.

"అది కాదు మేడమ్, ఈయన ముందర..."

"ముందు మీ సంగతి చూసుకోండమ్మా," అని ఏమేం తినకూడదో రాసిన చార్టు చేతిలో పెట్టాను. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. కింది అంతస్తులోనే ల్యాబ్. వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి చూస్తే తెలిసిపోయేది.

కొన్ని వారాలకి ఆమె ఒక్కతే వచ్చింది. నాగరాజప్ప అంగడిలో కళ్ళు తిరిగి పడిపోయాడట. ఆస్పత్రికి తీసుకుపోతే షుగరు మిషన్‌కి అందనంత ఉందట. ఎప్పట్నుంచి ఉందో ఎవరికీ తెలీదు. కాలికి చెప్పు కరిచిన పుండు లోపలికంతా పాకి ఉంది. రెండు వేళ్ళు తీసేశారు. పాదం నిలుస్తుందో లేదో ఇంకా చెప్పలేమన్నారట. ఆయనకి ఏం పెట్టాలో అడగడానికి వచ్చింది.

"ముందు ఆయన ఎంత ఉండేవారమ్మా?" అని అడిగాను. అడగాల్సిన రోజున అడగని మాట అది. షుగరు ముదిరితే ఎంత తిన్నా మనిషి కరిగిపోతాడు.

"ఎనభై దాటి ఉండె మేడమ్. ఊరికే కరిగిపోయినారు. రాత్రంతా లేచేది, చెంబులకి చెంబులు నీళ్ళు తాగేది. దిష్టి అనుకుని ఉప్పూ మిరపకాయలూ తీస్తిని. ఆ పొద్దు మీకు చెప్పేకే వస్తిని. నా మోకాళ్ళకేముంది, ఎప్పుడూ ఉండేవే."

"మరి చెప్పలేదేమమ్మా?" ఇంకా ఆమెనే అడుగుతున్నాను చూడండి, నా బుద్ధి అలాంటిది.

"సిగ్గయిపోయింది మేడమ్. నేనే ఇంత లావు ఉండాను, నాకు ఈయన్ని అనేకి ఏం యోగ్యత ఉండాది అంటారేమో అని గమ్మునైపోతిని. నాదే తప్పు."

ఆమె నన్ను ఎత్తిపొడవలేదు. నిజంగానే తన తప్పనుకుంటోంది. తలెత్తలేకపోయాను. "తప్పు మీది కాదమ్మా, నాది. మిమ్మల్ని నేనే చెప్పనివ్వలేదు," అన్నాను. ఆమె, "పోనీండి మేడమ్, మీరేం కావాలని చేసినారా," అంది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

ఆయన తిండి సంగతి రాసిచ్చాక, ఆమె తనంతట తానే చెప్పులు విడిచి మిషనెక్కింది. అరవై నాలుగు. అలవాటు ఎంత చెడ్డదంటే, మెచ్చుకోలు నా నాలుక చివరిదాకా వచ్చేసింది. పళ్ళ మధ్య నొక్కిపెట్టాను. నేను ఆమె ముఖంలోకి తేరిపార చూసింది అప్పుడే. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

ఆ లెక్క అబద్ధం చెప్పదు. మనిషి ఎంత ఉండాలో చెబుతుంది. ఆ బరువుకి ఎక్కి వచ్చాడా, జారి వచ్చాడా అన్నది దానికి తెలీదు. అది తెలుసుకోవడానికే అక్కడ నన్ను కూర్చోబెట్టారు. ఇప్పుడు ఎవరు తగ్గి వచ్చినా మెచ్చుకునే ముందు ఎందుకు తగ్గారని అడుగుతాను. పక్కన నిలబడ్డవాళ్ళని కూడా అడుగుతాను. ఆ రోజు ఆమెతోనే మొదలుపెట్టాను.

"పొద్దున్నుంచి ఏం తిన్నారు పద్మావతమ్మా?"

మిషన్ మీద నుంచి దిగకుండానే, ఏదో నేరం బయటపడినట్టు ఆమె తల దించుకుంది. "మీరు తినొద్దంటిరి కదా మేడమ్," అంది.