సొరచెట్టా, ఆముదం చెట్టా

ఆ ఏడు వానాకాలమంతా మా బాపుకూ పెద్దత్తకూ ఒక చెట్టు దగ్గర మాటల్లేకుండా పోయాయి. ఆ చెట్టు మా పెరట్లోదీ కాదు, చెలక గట్టు మీదిదీ కాదు. ఎన్నో వందల ఏళ్ల కిందట హెబ్రీ భాషలో రాసిన లేఖనంలోది. చేప కడుపులోంచి బయటపడ్డ ప్రవక్త చివరికి పట్నం బయట అలిగి కూర్చుంటాడు కదా, ఆయనకు నీడ కోసం దేవుడు మొలిపించిన చెట్టు అది. దాని కోసం జనగామలో అక్కాతమ్ముళ్లు ఎడమొహం పెడమొహం అయ్యారంటే నవ్వొస్తుంది. అప్పుడు మా ఇంట్లో నవ్వినదాన్ని నేనొక్కదాన్నే.

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. నేను భూపాలపల్లిలో టీచర్‌ను. బడులు మూతపడ్డాయి, బొగ్గు బావులు ఆగిపోయాయి, బస్సులు డిపోలు దాటడం లేదు. ఎవరి బండో పట్టుకుని జనగామ చేరేసరికి బాపు వసారా నిండా పుస్తకాలు పరుచుకుని కూర్చున్నాడు. మహబూబాబాద్‌లో తెలుగు పండితుడిగా రిటైరైన మనిషి. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలు ‘గిట్ల’, ‘గట్ల’ అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసినవాడు, ఉద్యమం వచ్చాక అదే భాషలో ప్రవక్త కథను తిరగరాస్తున్నాడు. ఒక్కసారైనా దాన్ని మా చర్చిలో, నలుగురి ముందు నిలబడి చదవాలని ఆయన ఆశ. ఆ వయసులో ఆయనకు మిగిలిన ఆశ అదొక్కటే.

చిక్కంతా చెట్టు దగ్గర వచ్చింది. దాని హెబ్రీ పేరు ఆ ఒక్క కథలో తప్ప లేఖనాల్లో ఇంకెక్కడా కనపడదట. పూర్వం గ్రీకులోకి మార్చినవాళ్లు సొర అన్నారు. తరవాత లాటిన్‌లోకి మార్చిన పండితుడు గోడలెక్కే ఒక తీగ పేరు పెట్టాడు. ఆఫ్రికాలో ఒక ఊళ్లో ఆ కొత్త మాట చదవగానే జనం లేచి గోల చేశారట. తాతల నాటి నుంచీ పాడుకుంటున్న సొరను ఎవడు తీసేశాడని నిలదీశారు. మంద చేజారిపోతుందని భయపడి అక్కడి బిషప్పు పాత మాటే మళ్లీ పెట్టుకున్నాడు. లాటిన్ పండితుడేమో, ఆ చెట్టుకు ఆకులు వెడల్పు, ఊతం లేకుండా తన కాండం మీదే నిలబడుతుంది, మా భాషలో దానికి పేరు లేదు, ఉన్నదున్నట్టు రాస్తే ఎవరికీ అర్థం కాదు, నన్నేం చేయమంటారు అని జవాబు రాశాడట.

బాపు ఇవన్నీ పక్కింటి సంగతుల్లా చెప్పేవాడు. గ్రీకువాళ్లు కొన్నిచోట్ల మాట బోధపడక హెబ్రీ చప్పుడునే తమ అక్షరాల్లో రాసి ఊరుకున్నారని చెప్పి పొంగిపోయేవాడు. దేవుడి గుడారానికి కప్పిన ఒక తోలు ఏ జంతువుదో తెలియక వాళ్లు ఆ మాటను ఒక రంగు పేరు చేసేశారు. మన తెలుగులో అదే సముద్రపు జంతువైంది. “జనగామల సముద్రం చూసినోడెవడు బిడ్డా?” అని ఒకటే నవ్వు.

చెట్టు విషయంలో మాత్రం ఆయనకు అనుమానం లేదు. వెడల్పాటి ఆకులు, చూస్తుండగా పెరగడం, తన కాళ్ల మీద తాను నిలబడడం, ఈజిప్టువాళ్లు ఆముదానికి దాదాపు అదే పేరు వాడడం. అది ఆముదం చెట్టేనని ఈ కాలపు పండితులు చాలామంది అంటున్నారు. మా చుట్టుపక్కల చెలకల్లో ఎటు చూసినా ఆముదాలే. ఆయన సంబరం చూడాలి.

పెద్దత్తకు ఆ సంబరం అంటలేదు. ఆమెకు ఆ కథంతా కంఠతా వచ్చు. వాళ్లమ్మ, ఆమె మాటల్లో అవ్వ, పక్కన పడుకోబెట్టుకుని నేర్పిన కథ. మా చర్చిలో ఆమె మాటకు పాస్టరు కూడా ఎదురు చెప్పడు.

“మా అవ్వ సొరచెట్టని చెప్పింది. గిప్పుడు నా నోట్లె ఆముదం పోస్తవా తమ్మీ?” అంది. అంతే, చర్చి కమిటీలో పెద్దలంతా తలలూపి, చర్చిలో చదవొద్దన్నారు. బాపు రాసిన కాగితాలు మడిచి బీరువాలో పెట్టేశాడు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. నాకు పెద్దత్త మీద కోపం వచ్చింది.

ఉద్యమంలో అప్పుడొక పద్ధతి ఉండేది. ఎవరి పని వాళ్లు రోడ్డు మీద చేసి నిరసన తెలపడం. మంగలివాళ్లు రోడ్డు మీదే గడ్డాలు గీశారు, చాకలివాళ్లు ఇస్త్రీలు చేశారు. ఒక ఆదివారం మా చర్చి వంతు వచ్చింది. హైవే మీద టార్పాలిన్లు పరిచి ఆరాధన పెట్టుకున్నాం. ఒక పక్క పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. పాస్టరు మెల్లగా బాపు పక్కకొచ్చి, “చర్చిల వద్దన్నరు గని సార్, రోడ్డుకు కమిటీ లేదు గద” అన్నాడు. కాగితాల కోసం నేను ఇంటికి పరిగెత్తాను.

బాపు మైకు ముందు నిలబడ్డాడు. “లే, గా పెద్ద పట్నానికి పో అన్నడు దేవుడు. గీయనేమో ఇంకో దిక్కు ఉరికిండు” అని మొదలుపెట్టగానే జనం గొల్లుమన్నారు. తండా నుంచి వచ్చిన ఆడవాళ్లు దగ్గరికి జరిగారు. చాయ్ హోటల్ చాచా గ్లాసులు వదిలేసి వచ్చి, “అరె, దేవుడు మన లెక్కనే మాట్లాడుతుండు!” అన్నాడు. సినిమాల్లో వెక్కిరించే మా యాసే మైకులో వినపడుతుంటే ఎవరూ సిగ్గుపడలేదు.

చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగాడు. ఎదురుగా, ముందు వరసలో, తల మీద కొంగు కప్పుకుని పెద్దత్త కూర్చుని ఉంది. బాపు గొంతు సవరించుకున్నాడు.

“అప్పుడు దేవుడు ఒక సొరచెట్టును...”

“ఆగు తమ్మీ,” అంది పెద్దత్త. “గదేనా నువ్వు రాసింది?”

బాపు కాగితాల మీంచి తలెత్తాడు.

“కాదక్కా.”

“ఏం రాసినవ్?”

“ఆముదం చెట్టని.”

“మరి రాసింది సదువు. తప్పే రాసినవ్. అయినా నా మొకం జూసి మాట మార్చకు.”

జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. బాపు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆముదం చెట్టు మొలిచింది, పురుగు కొట్టింది, ఎండ మండింది, ప్రవక్త అలిగాడు, దేవుడు బుజ్జగించాడు. ఒక్క మాట తడబడకుండా చివరిదాకా చదివాడు. ఆయన ముగించగానే అందరికంటే ముందుగా, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మా పెద్దత్తే.