చంద్రప్ప రాసిన ప్రశ్న

మానసిక వైద్య సేవల మీద పరిశోధన చేసే ఫర్హత్ పన్నెండేళ్లుగా ప్రతి మంగళవారం వికారాబాద్ నుంచి రైల్లో తాండూరు వస్తుంది. ఆసుపత్రి వరండాలో కూర్చొని, కళ్లజోడు చున్నీతో తుడుచుకుని, అక్కడి వైద్యం గురించి రోగులను అవే నలభై ప్రశ్నలు అడుగుతుంది. ఒక మంగళవారం, నాపరాళ్ల గనిలో పనిచేసే చంద్రప్ప అనే రోగి జవాబు చెప్పకుండా తిరిగి అడిగాడు.

"గీ ప్రశ్నలు ఎవరు రాసిండ్రు మేడం?"

"మేమే, ఆఫీసులో."

"మమ్మల్ని జర అడగొద్దా?"

ఫర్హత్ పెన్ను అతని చేతికిచ్చింది. చంద్రప్ప అరగంట ఆలోచించి ఒక్కటే రాశాడు: "ఈడోళ్లు నీ ముఖం దిక్కు చూసి మాట్లాడిండ్రా?"

అది శాస్త్రీయంగా లేదన్నారు పైవాళ్లు. అది తీసేస్తే పరిశోధన నుంచి తన పేరూ తీసేయమంది ఫర్హత్. మూడు నెలలకు ఒప్పుకున్నారు.

కొత్త కాగితాలతో కూర్చొని, తల వంచుకునే ఆ ప్రశ్న చదివింది. ఎదురుగా ఉన్న ముసలామె మార్త అంది: "నువ్వయితే ఇంకా చూడలే బిడ్డా."

ఫర్హత్ కాగితం బోర్లించి తలెత్తింది.